చేపలు ముఖం కడుక్కునే వేళ

డోనా ఒర్మెజిందా ముప్పయ్యొక్క ఏళ్లు నడుంలోతు నీళ్లలో నిలబడి బతికింది. బార్సెలోస్‌లో అదేమంత విశేషం కాదు, రియో నేగ్రో నది ఒడ్డున సగం ఊరి బతుకు అంతే. నది తగ్గే నెలల్లో పొద్దున్నే పడవేసుకుని, నీట మునిగిన అడవిలోకి పోవాలి. చెట్ల వేళ్ల సందుల్లో చేతివల దించి, చిటికెన వేలంత కూడా లేని ఎర్రపొట్ట, నీలిగీత పియాబా చేపల్ని అదిలించి అందులోకి తోలాలి. ఆ చేపలు ఏయే దేశాల గాజుతొట్లలోకో పోతాయి. ఆమె మోకాళ్లు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి, వాతంతో సహా.

నదిని వదిలి ఉండలేననే రకం కాదామె. ఎవరైనా కళ్లు అరమోడ్చి నదీమతల్లి గురించి మొదలుపెడితే, "నాయనా, ఓ పూట దిగి నిలబడు. పాట దానంతటదే ఆగుతుంది" అంటుంది. అందుకే రేవు పక్కన కట్టిన కొత్త చేపల ప్రదర్శనశాలకు సంరక్షకులు ఒకరు కావాలని తెలియగానే, అందరికంటే ముందు వెళ్లి పేరు రాయించుకుంది. కుర్చీ ఉన్న ఉద్యోగం. పొడి నేల మీద కుర్చీ!

రెండో పేరు ఎవాండ్రోది. మనాస్ నగరంలో అలంకార చేపల దుకాణంలో ఆరేళ్లు పనిచేసి వచ్చినవాడు. పోటీ తేలిక: హాల్లో చెరో తొట్టి పెట్టాలి, నెల తరవాత మనాస్ నుంచి చేపల శాస్త్రవేత్త నోయేమియా వచ్చి చూసి ఒకరిని ఎంచాలి.

మొదటి పదిహేను రోజులు ఒర్మెజిందా తొట్టిని నాశనం చేసింది. మొక్కలు వెలుతురు తిని బతుకుతాయని విని, ఎక్కువ పెడితే ఎక్కువ పెరుగుతాయని లెక్కేసి, తెల్లటి లైటు పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా వెలిగించింది. పెరిగింది నాచు. ఆకుల అంచులకి నల్లగా, గుబురుగా పట్టింది. పియాబాలు ఆ వెలుతురుకి వెలసిపోయి, ఓ మూల గుంపుగా నక్కాయి.

ఆమె ఆడపడుచు జుల్మీరా వచ్చి, నడుం మీద చేతులేసుకుని చూసింది. "వదినా, చేపల్ని పెంచుతున్నావా, గడ్డం పెంచుతున్నావా?"

"నోరు మూసుకుని ఆ బకెట్ అందుకో."

"అందుకుంటాను గానీ, నువ్వెప్పుడైనా వీటిని మిట్టమధ్యాహ్నం ఎండలో పట్టావా?"

పట్టలేదు. ఎప్పుడూ చెట్ల నీడనే పట్టింది. అక్కడ నీళ్లు చిక్కటి టీ రంగులో ఉంటాయి, ఎండ ఆకుల సందుల్లోంచి చిల్లర నాణేల్లా రాలుతుంది. ముప్పయ్యొక్క ఏళ్లు కళ్లారా చూసిన మనిషికి, గాజుతొట్టి ముందు నిలబడేసరికి అడవి కాదు, ఎప్పుడో మనాస్‌లో చూసిన దుకాణపు అద్దాలు గుర్తొచ్చాయి! ఆ సాయంత్రమే లైటు రోజుకి ఎనిమిది గంటలకు తగ్గించింది. అడుగున ఎండుటాకులు పరిచింది. నీళ్ల మీద సగం మేర అంతరతామర తేలవిడిచింది. నీడకి ఓర్చుకునే వెడల్పాకు మొక్కల్ని ఉంచి, ఎండ అడిగేవాటిని పీకేసింది. నీళ్లు టీ రంగుకి తిరిగాయి, నాచు వెనక్కి తగ్గింది, పియాబాలు మూల వదిలి నడిమికొచ్చి నిప్పుకణికల్లా తిరగసాగాయి. అడవి తల్లే నేర్పిందని ఆనక ఎవరో పత్రికలో రాశారు. అడవి ఏమీ నేర్పలేదు. ఆమె పాడుచేసుకుని నేర్చుకుంది.

తీర్పు రోజు రానే వచ్చింది. ఈ ఊళ్లో పండగ శకటాలను ఆఖరి క్షణం దాకా గుడ్డ కప్పి దాచడం ఆచారం. కౌన్సిలర్ అస్త్రోజిల్డో ఆ ఆచారాన్ని చేపలకీ వర్తింపజేశాడు. ముందురోజు సాయంత్రమే లైట్లు ఆర్పించి, రెండు తొట్ల మీదా నల్ల టార్పాలిన్ కప్పించి, రిబ్బను కట్టించాడు. ఎవరితోనూ ఓ మాట అనలేదు.

పొద్దున తొమ్మిదికి పావుగంట ఉందనగా ఒర్మెజిందా వెనక నుంచి టార్పాలిన్ అంచు ఎత్తి చూసింది. చీకట్లో పియాబాలు ఉతికి ఉతికి వెలిసిన గుడ్డపీలికల్లా ఉన్నాయి. ఎరుపు లేదు, నీలం లేదు. జబ్బు కాదని ఆమెకి తెలుసు. చీకటి పడితే ఇవి రంగు దాచేసుకుంటాయి, వెలుతురు తగిలాక అరగంటకి గానీ తిరిగి తొడుక్కోవు. తెలియనిది తొమ్మిదికి గుడ్డ తీయగానే చూసే జనానికి.

"అస్త్రోజిల్డో గారూ, గుడ్డ ఇప్పుడే తీసేయండి."

"తీసేస్తే ఇక ఆవిష్కరించేదేముంది డోనా? నా మొహమా?"

ఆమె నేరుగా వెళ్లి తొట్టి వెనక తూర్పు కిటికీ తలుపులు తీసి, టార్పాలిన్‌ని వెనకవైపు మాత్రం పైకి చుట్టి కట్టింది. ముందు కూర్చునే జనానికి నల్లగుడ్డే కనబడుతుంది, చేపలకి మాత్రం మెల్లగా పొద్దు పొడుస్తోంది. పక్క తొట్టి వైపు చూసి, కాసేపు తనతో తనే పోట్లాడి, చివరికి అనేసింది.

"ఎవాండ్రో, నీ వాటికీ కాస్త వెలుతురు పెట్టుకో. ఒక్కసారి లైటేస్తే జడుసుకుంటాయి."

"పోటీదారు సలహా నేను వినాలా అత్తా?"

"నీ మీద నా కోపం చేపలకేం తెలుసు రా!"

వాడు నవ్వేసి తన టార్పాలిన్‌ని అలాగే ఉంచాడు.

తొమ్మిదికి జనం నిండారు. నోయేమియా ముందు వరసలో కూర్చుంది. ఇంకా పావుగంటైనా కావాలి. ఒర్మెజిందా కౌన్సిలర్ దగ్గరికెళ్లింది. "మీరు నాలుగు మాటలు మాట్లాడాలి. తొందరేం లేదు, విపులంగానే."

అస్త్రోజిల్డో జీవితంలో అతన్ని ఆపమన్నవాళ్లే గానీ మాట్లాడమన్నవాళ్లు లేరు. పెళ్లిళ్లలో, చావుల్లో, ఓసారి తన పన్ను పీకుతున్న డాక్టరు దగ్గర కూడా ఉపన్యసించిన మనిషి. అలాంటివాడు మైకు పట్టుకుని, "నా ప్రజలారా... కృతజ్ఞుణ్ణి" అని కళ్లు తుడుచుకుని దిగిపోబోయాడు. సరిగ్గా ఒక్క నిమిషం.

ఒర్మెజిందా జుల్మీరా వైపు చూసింది. జుల్మీరా లేచి, పళ్లు అమ్ముకునే గొంతు ఎత్తింది.

"అయ్యా, నాలుగేళ్ల కింద తేలే రేవు కట్టిస్తానన్నారు. అది తేలుతోందా, మునిగిందా?"

అంతే! అస్త్రోజిల్డో వెనక్కి తిరిగాడు. ఇనుము ధర, వరద, గిట్టనివాళ్లు, పాత మేయరు, పాత మేయరు బావమరిది, అన్నీ వచ్చాయి. "ఫిబ్రవరికల్లా కట్టిస్తాను, ఇందరి సాక్షిగా!" అని చెమట తుడుచుకునేసరికి ముప్పయ్యైదు నిమిషాలైంది. ఊరు ఆవులించింది. ఒర్మెజిందా ఒక్కతే ఆ ఉపన్యాసాన్ని ప్రేమగా వింది. ఈలోగా టార్పాలిన్ లోపల లైటు కూడా వేసింది.

ముందు ఎవాండ్రో తొట్టి. గుడ్డ లాగాడు, నాలుగు ట్యూబులూ ఒక్కసారే వేశాడు. పళ్లెంలా గుండ్రంగా ఉండే అకరా చేపలు ధన్‌మని గాజుకి కొట్టుకుని, ఒంటి మీద నల్లచారలు తేలి, దుంగ వెనక దూరాయి. తెల్ల ఇసుక ధగధగ మెరిసింది. అందులో చేప లేదు.

తరవాత ఒర్మెజిందా గుడ్డ తీసింది. టీ రంగు నీళ్లలో, తేలే ఆకుల నీడలో, రెండొందల ఎర్రటి మెరుపులు ఒకే వైపు తిరిగాయి. "అబ్బా!" అంది ఊరు. నదిలో పుట్టిపెరిగిన ఊరే.

నోయేమియా తొట్టి చుట్టూ తిరిగింది. వెనక చుట్టి కట్టిన టార్పాలిన్‌నీ, తీసి ఉన్న కిటికీనీ చూసి గొంతు తగ్గించింది. "ఆ రేవు ప్రశ్న వేసింది మీకేమవుతుంది?"

"మా ఆడపడుచు."

"బతికించింది. తొమ్మిదికే గుడ్డ తీస్తారేమోనని నేనూ భయపడ్డాను." ప్రదర్శనశాల తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది.

ఇప్పుడు ప్రదర్శనశాల తొమ్మిదికి తెరుస్తుంది. ఎనిమిదిన్నరకే ఒర్మెజిందా వచ్చి, ముందు తూర్పు కిటికీ తీస్తుంది. తరవాత కుర్చీలో కూర్చుని, మోకాళ్లు చాపుకుని, కాఫీలో కర్రపెండలం అట్టు ముంచుకు తింటుంది. లైటు అప్పుడే వేయదు. ఎవాండ్రోని సాయానికి పెట్టుకుంది, పైపుల పని వాడికే బాగా వచ్చు. వాడు తొందరపడి స్విచ్చి మీద చెయ్యేస్తే ఒక్క దెబ్బ వేస్తుంది.

బయట పడవ దిగిన సందర్శకులు ఎవరో తలుపు బాదుతారు. ఆవిడ లేవదు.

"ఆగండమ్మా, చేపలింకా ముఖం కడుక్కోలేదు!"