ఎత్తని జెండా

న్యూజెర్సీలో, పిస్కాటవేలోని ఆ ఇంటి వంటగదిలో వసుమతి తిన్నగా నడవడం ఎవరూ చూడలేదు. స్టవ్ దగ్గర నుంచి ఫ్రిజ్ దాకా పక్కకి పక్కకే వెళుతుంది, మొహం మాత్రం పప్పు గిన్నె వైపు. "కోడల్ని తెచ్చుకున్నాననుకుంటే పీతని తెచ్చుకున్నాను" అని అత్తగారు జానకీదేవి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్తుంది. చెప్పి, గొంతు తగ్గించి, "శనివారం టీవీలో కనిపిస్తుంది, చూడండి" అని కూడా అంటుంది. ఆ రెండో మాట కోసమే మొదటి మాట అని అందరికీ తెలుసు.

వసుమతి టీవీలో కనిపించేది ఓ మూలనే. అమెరికా మహిళల ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పై లీగ్‌లో ఆమె అసిస్టెంట్ రెఫరీ. మైదానం అంచున తెల్లగీత వెంట జెండా పట్టుకుని, మొహం ఆట వైపే ఉంచి, పక్కకి పక్కకే అటూ ఇటూ పరిగెత్తే మనిషి. ఆడేవాళ్లని చూడ్డానికి జనం వస్తారు, ఆమెని తిట్టడానికి మాత్రమే గుర్తు పెట్టుకుంటారు. అనంతపురంలో కాలేజీ రోజుల్లో లెఫ్ట్ వింగ్‌లో ఆడింది. ఎం.ఎస్. చేయడానికి ఇక్కడికి వచ్చాక, శనివారాలు పార్కుల్లో పిల్లల మ్యాచ్‌లకి జెండా పట్టడం మొదలుపెట్టింది. ఆరేళ్ల పిల్లల ఆట కోసం వాళ్ల నాన్నలు ఆమె మీద ఎంత అరిచేవాళ్లో! ఆ అరుపులన్నీ తింటూ, పరీక్షలు రాస్తూ, ఒక్కో మెట్టే ఎక్కుతూ పై లీగ్‌కి చేరడానికి పన్నెండేళ్లు పట్టింది. ఇప్పుడామెకి ముప్పై ఏడు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో మాత్రల నాణ్యత చూస్తుంది. శుక్రవారం సాయంత్రం న్యూఆర్క్‌లో ఫ్లైట్ ఎక్కుతుంది, ఆదివారం దిగుతుంది.

ఆమె పని చెప్పడానికి తేలిక. ముందుకి బంతి వదిలిన క్షణానికి, అందుకోబోయే అమ్మాయి అవతలి జట్టు చివరి డిఫెండర్ని దాటి నిలబడకూడదు. నిలబడితే ఆఫ్‌సైడ్, జెండా ఎత్తాలి. అంతే. ఆ "అంతే"లో ఒక బంతి, ఇద్దరు మనుషులు, మూడు చోట్లు ఉన్నాయి, కళ్లు మాత్రం రెండే ఉన్నాయి.

ఈ ఏడు సీజన్ మార్చిలో మొదలైంది. ఏప్రిల్‌లోనే వసుమతికి దెబ్బ తగిలింది. ఒక మ్యాచ్‌లో ముందున్న అమ్మాయి భుజం కాస్త అవతల ఉన్నట్టు అనిపించి చటుక్కున జెండా ఎత్తింది. విజిల్ మోగింది, ఆట ఆగింది. తర్వాత వీడియోలో చూస్తే ఆ అమ్మాయి జానెడు ఇవతలే ఉంది. వెళ్లి గోల్ వేసేదే. విజిల్ మోగిపోయాక ఇక తెర ముందు కూర్చుని తప్పులు సరిదిద్దే వీడియో రెఫరీలు కూడా చేసేదేమీ ఉండదు.

ప్రతి మ్యాచ్‌కీ స్టాండ్స్‌లో పైన కూర్చుని రెఫరీలకి మార్కులు వేసే మనిషి ఒకాయన ఉంటాడు. వసుమతి మ్యాచ్‌లకి వచ్చేది గ్లెన్. ఒకప్పుడు పెద్ద రెఫరీ, ఇప్పుడు తెల్లమీసం, నోట్‌బుక్. పదికి ఎనిమిది దాటితేనే మంచి మార్కు. ఆ రోజు ఆమెకి ఏడు పాయింట్ ఎనిమిది వేశాడు.

"చూడు, వాసూ" అన్నాడు డ్రెస్సింగ్ రూమ్‌లో. "అనుమానం ఉంటే జెండా కిందే ఉంచు. ఆట సాగనీ. గోల్ పడితే వీడియో చూసుకుంటుంది. స్పష్టంగా కనిపిస్తే మాత్రం వెంటనే ఎత్తు."

పాఠంలో రెండు ముక్కలున్నాయి. వసుమతి ఇంటికి మొదటి ముక్కే మోసుకొచ్చింది.

అప్పట్నుంచి ఆమె కుడిచేతికి శిక్ష మొదలైంది. దోసె తిరగేసే అట్లకాడ గాల్లోకి లేవబోతే ఎడమచేత్తో మణికట్టు పట్టుకునేది. ఇండియన్ స్టోర్ లైన్‌లో ఎవరైనా ముందుకి దూరితే ఆ చెయ్యి చీర కుచ్చిళ్ల దగ్గరో జీన్స్ జేబు దగ్గరో బిగుసుకునేది. కార్‌లో సిగ్నల్ దగ్గర స్టీరింగ్ మీద వేళ్లతో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేది. భర్త జగదీష్ పక్కన కూర్చుని, "వసూ, గ్రీన్ పడింది. ప్లీజ్ డ్రైవ్ చెయ్" అనేవాడు. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషి, పాపం, భార్యని కోప్పడటానికి సరిపడా తెలుగు రాదు.

మార్కులు మాత్రం పెరిగాయి. జూన్‌కి ఎనిమిదిన్నర. ఆగస్టులో గ్లెన్ ఫోన్ చేసి, "నవంబర్‌లో వేరే ప్రోగ్రామేదీ పెట్టుకోకు" అన్నాడు. నవంబర్‌లో ఉండేది ఫైనల్. ఈసారి ఫైనల్ న్యూజెర్సీలోనే, వాళ్లింటి నుంచి నలభై నిమిషాలు. ఇంకా పేర్లు ప్రకటించలేదు, ఎవరికీ చెప్పొద్దని వసుమతి ప్రాధేయపడింది. జానకీదేవి బుద్ధిగా తలూపి, వారం తిరక్కుండా గుడి స్నేహితులకి పద్నాలుగు సీట్లు బుక్ చేసింది. వసుమతి పరిగెత్తే వైపే, మొదటి వరసల్లో.

"అత్తయ్యా! ఖాయం కాలేదని చెప్పానుగా?"

"నలభై ఏళ్లు రేడియాలజిస్ట్‌గా చేశాను. రిపోర్ట్ రాకముందే ఫిల్మ్ చూసి చెప్పగలను. నీకొస్తుంది" అంది జానకీదేవి.

అక్కణ్నుంచి ఇంకా నిలకడ పోయింది వసుమతికి. కూర్చుంటే మోకాలు ఊగుతుంది, పడుకుంటే పాదం ఊగుతుంది. పన్నెండేళ్ల అరుపులకి ఆ ఒక్క మ్యాచ్ జవాబు అవుతుందని మనసులో గట్టిగా అనుకుంది. తప్పేం లేదు, ఎవరైనా అనుకుంటారు.

సెప్టెంబర్ చివరి శనివారం బాల్టిమోర్‌లో మ్యాచ్. డెబ్భయ్యో నిమిషం. మధ్యలోంచి పొడుగ్గా బంతి వదిలారు. అవతల ఎర్ర జెర్సీ తొమ్మిదో నంబర్ అమ్మాయి డిఫెండర్‌కి మీటరున్నర ముందుంది. జానెడు కాదు, భుజం కాదు, మీటరున్నర. స్టాండ్స్‌లో ఐస్‌క్రీమ్ తింటున్నవాళ్లకి కనిపించకపోవచ్చు గానీ సరిగ్గా గీత మీదున్న వసుమతికి గోడ మీద క్యాలెండర్‌లా కనిపించింది. చెయ్యి లేవబోయింది. ఏప్రిల్ గుర్తొచ్చింది, నవంబర్ గుర్తొచ్చింది. చెయ్యి ఆగింది.

ఒకటి. తొమ్మిదో నంబర్ పరుగు అందుకుంది. రెండు. గోల్‌కీపర్ మెగన్, ఇరవై రెండేళ్ల పిల్ల, గోల్ వదిలి ఎదురుగా వచ్చేసింది. ఆమెకేం తెలుసు, జెండా లేవలేదంటే ఆట ఉన్నట్టే. మూడు. ఇద్దరూ ఒకేసారి బంతి మీద పడ్డారు.

ఆ చప్పుడు వసుమతి దాకా వినిపించింది. అప్పుడు ఎత్తింది జెండా.

మెగన్‌ని స్ట్రెచర్ మీద తీసుకెళుతుంటే ఆమె ఒక గ్లౌజు గీత దగ్గర పడిపోయింది. వసుమతి దాన్ని తీసి ఎవరికో అందించింది. లోపల ఇంకా వెచ్చగా ఉంది.

గోల్ పడలేదు కాబట్టి వీడియో రెఫరీలు తెర మీద గీతలు గీసి ఆఫ్‌సైడో కాదో చూడాల్సిన పని లేకపోయింది. టీవీవాళ్లు పదిసార్లు చూపించింది కూడా గుద్దుకున్న క్షణాన్నే, బంతి వదిలిన క్షణాన్ని కాదు. డ్రెస్సింగ్ రూమ్‌లో గ్లెన్ వీపు తట్టాడు. "ఓపిక పట్టావు. ఇదే నేను అడిగింది. ఎనిమిది పాయింట్ ఆరు. ఆ అమ్మాయి సంగతి దురదృష్టం, నీ తప్పు లేదు."

ఇంటికొచ్చేసరికి జానకీదేవి గుమ్మంలోనే ఎదురైంది. "ఎడమ కాలర్ బోన్. మధ్యలో విరిగింది. పడటం చూసే చెప్పేశాను జగదీష్‌కి. ప్లేట్ వేస్తారు, నాలుగు నెలలు ఆడలేదు. సరే, ఫైనల్ సంగతి ఏమన్నాడు గ్లెన్?"

"స్నానం చేసొస్తాను అత్తయ్యా" అని వసుమతి తిన్నగా, మామూలు మనుషుల్లా నడుచుకుంటూ లోపలికి వెళ్లింది. అది చూసి జానకీదేవికి అనుమానం వచ్చింది.

మ్యాచ్ అయిన అయిదు రోజుల్లో ప్రతి రెఫరీ లీగ్ వెబ్‌సైట్‌లో ఒక ఫారం నింపాలి. చివర్లో ఒక గడి ఉంటుంది: మీ నిర్ణయాల గురించి మీ సొంత అంచనా. అందరూ అక్కడ "చెప్పడానికి ఏమీ లేదు" అని రాస్తారు. వసుమతీ సీజనంతా అదే రాసింది. ఈసారి సోమవారం తెరిచి మూసింది. మంగళవారం తెరిచింది, అదే మాట టైప్ చేసింది, చెరిపేసింది. జగదీష్‌కి చెప్తే, "నువ్వు రూల్ ఫాలో అయ్యావ్ కదా? ఎవరూ అడగలేదు కదా?" అన్నాడు. రెండూ నిజమే. అయినా ఇంట్లో ఒక్క కుర్చీ కూడా ఆమెని అయిదు నిమిషాలు కూర్చోనివ్వలేదు. మెగన్ ఫోటో ఒకటి ఫోన్‌లో కనిపించింది, చెయ్యి మెడకి కట్టుకుని నవ్వుతోంది. ఏడ్చి ఉంటే కాస్త నయంగా ఉండేదేమో.

బుధవారం ల్యాబ్‌లో సాన్వి, గుంటూరు నుంచి వచ్చి కొత్తగా చేరిన కెమిస్ట్, వసుమతి టేబుల్ దగ్గరకొచ్చింది.

"అక్కా, పొద్దున బ్యాలెన్స్ చెక్ చేయకుండానే శాంపిల్ తూచేశాను. తర్వాత చెక్ చేస్తే కరెక్ట్‌గానే ఉంది. రిజల్ట్ కూడా పాస్. డీవియేషన్ రాయాలా?"

డీవియేషన్ అంటే వాళ్ల ల్యాబ్‌లో, పద్ధతి తప్పితే ఎవరు తప్పారో వాళ్లే రాసి సంతకం పెట్టే కాగితం. మాత్ర బాగున్నా సరే రాయాలి. తొమ్మిదేళ్లుగా వసుమతి అందరి చేతా రాయిస్తోంది. ఆమె కనిపిస్తే కొందరు పక్క కారిడార్‌లోకి తిరిగిపోతారు.

"రాయాలి" అంది వెంటనే.

"ఎవరికీ తెలీదు కదక్కా?"

"నీకు తెలుసుగా."

అనేసి, అలాగే నిలబడిపోయింది. సాన్వి కంగారుపడి, "సారీ అక్కా, రాసేస్తాను" అని వెళ్లిపోయింది. తనని తిట్టిందనుకుంది ఆ పిల్ల, పాపం.

లంచ్ టైమ్‌లో వసుమతి పార్కింగ్ లాట్‌కి వెళ్లి, కార్‌లో కూర్చుని, ఫోన్‌లో ఫారం తెరిచింది. "డెబ్భయ్యో నిమిషంలో ఆఫ్‌సైడ్ స్పష్టంగా ఉంది. మీటరు పైనే. నాకు అప్పుడే కనిపించింది. వెంటనే జెండా ఎత్తాలి, ఎత్తలేదు. ఎత్తి ఉంటే గోల్‌కీపర్ ఆగిపోయేది." నాలుగు ముక్కలూ మళ్లీ చదివితే చెరిపేస్తానని భయమేసి, చదవకుండానే పంపించేసింది. పంపాక ఏదో బరువు దిగిందని చెప్తే అబద్ధం. లంచ్ డబ్బా తెరవకుండానే ల్యాబ్‌లోకి వెళ్లిపోయింది, అంతే.

సాయంత్రానికే గ్లెన్ ఫోన్. "ఇది ఎందుకు రాశావు? నిన్నెవరూ అడగలేదు."

"గడిలో అడిగారుగా."

అవతల నోట్‌బుక్ పేజీ తిప్పిన చప్పుడైంది. "నువ్వు రాశాక నేను మళ్లీ చూడాలి. చూశాను. మార్కు మార్చక తప్పదు. ఏడు పాయింట్ ఏడు. ఫైనల్ పోయినట్టే, వాసూ. వచ్చే ఏడాది రెఫరీల లిస్ట్‌లో ఉంటావో లేదో జనవరిలో గానీ తెలీదు."

"తెలుసు" అంది. ఫోన్ పెట్టేశాక వంటగదిలో నేల మీదే కూర్చుని ఏడ్చింది. పన్నెండేళ్లు పన్నెండేళ్లే మరి.

జానకీదేవి రెండు రోజులు మాట్లాడలేదు. మాట్లాడాల్సినవన్నీ స్టీల్ డబ్బాలు మాట్లాడాయి. మూడో రోజు, "పద్నాలుగు మంది! ఇప్పుడు వాళ్లకేం చెప్పను?" అంది. ఏం చెప్పిందో నవంబర్‌లో తెలిసింది. స్టేడియం లోపలికి తిండి రానివ్వరు కాబట్టి పార్కింగ్ లాట్‌లో కార్ డిక్కీ తెరిచి, శాలువాలు కప్పుకుని అందరూ పులిహోర తింటుంటే, లక్ష్మీప్రియ అనే పెద్దావిడ వసుమతి కాళ్ల వైపు జాలిగా చూసింది.

"కాలు బెణికిందటగా అమ్మా? ఎలా ఉంది?"

జానకీదేవి గబగబా మూతలు పెట్టడం మొదలుపెట్టింది.

"కాలు బాగానే ఉంది ఆంటీ. డ్యూటీలో తప్పు చేశాను, నా వల్ల ఒకమ్మాయికి దెబ్బ తగిలింది. అందుకని ఇవ్వలేదు" అంది వసుమతి.

పద్నాలుగు శాలువాలూ ఒక్కసారి కదలడం ఆపాయి. లక్ష్మీప్రియ ఏమనుకుందో, ఇంకో గరిటెడు పులిహోర వసుమతి ప్లేట్‌లో వేసి, "తిను, చల్లారిపోతుంది" అంది. జానకీదేవి కోడలి వైపు చూడలేదు గానీ, ఆవకాయ సీసా మాత్రం ఆమె ముందుకి జరిపింది.

లోపల మొదటి వరసలో కూర్చుంది వసుమతి. ఎదురుగా, చేయి చాపితే అందేంత దూరంలో, వేరే ఆవిడ జెండా పట్టుకుని ఆ గీత వెంట పీతలా పరిగెడుతోంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుంది వసుమతి. చూడలేకపోయింది, చూడకుండా ఉండలేకపోయింది.

రెండో సగంలో మధ్యలోంచి పొడుగ్గా బంతి వచ్చింది. ముందున్న అమ్మాయి డిఫెండర్‌కి మీటరు అవతల ఉంది. గోల్‌కీపర్ గోల్ వదిలి బయటికి పరుగు తీసింది.

జెండా లేచింది. వెంటనే, నిటారుగా.

విజిల్ మోగింది. గోల్‌కీపర్ నాలుగడుగులు వేసి ఆగిపోయింది, గ్లౌజులు దులుపుకుంది, జుట్టు బిగించుకుని వెనక్కి నడిచింది. జనం విసుక్కుని పాప్‌కార్న్ వైపు తిరిగారు. అంత స్టేడియంలో ఒక్క వసుమతి లేచి నిలబడి చప్పట్లు కొడుతోంది. కళ్ల నిండా నీళ్లు.

"ఏమైందే?" అంది జానకీదేవి కంగారుగా ఆమె కొంగు లాగి. "గోల్ పడలేదుగా?"

"లేదత్తయ్యా" అంది వసుమతి, చప్పట్లు ఆపకుండానే. "ఏమీ కాలేదు."