తిరుపాలమ్మ నియమం

"...మన్నులో చెయ్యి పెట్టి సూస్తానంటే వద్దంటివి కదా! ఫోను చెప్పినాక నీ చెయ్యెందుకు మే, అంటివి."

"అంటి. అయితే ఏమంటావిప్పుడు? వాన మోసం చేస్తే ఫోనేం చేస్తాది?"

ముదిగుబ్బ రైతు సంఘం ఆఫీసు వరండాలో తిరుపాలమ్మ, ఆమె భర్త ఎర్రప్ప పోట్లాడుకుంటున్నారు. లోపల కంప్యూటర్ ముందు కూర్చున్న నరేంద్రకు ప్రతి మాటా వినిపిస్తోంది. పన్నెండు రోజుల కిందట వాళ్లు విత్తిన వేరుశనగ మొలవలేదు. "పదునైంది, విత్తుకోండి" అని వాళ్లకు ఫోను మెసేజ్‌లో చెప్పింది నరేంద్ర గొంతే.

పదునంటే విత్తనం మొలిచేంత తడి. ఆ ఒక్క మాటను కంప్యూటర్‌కు నేర్పాలని ఏడేళ్ల కిందట అతనికి ఆశ పుట్టింది. కదిరిలో డిగ్రీ చదివేటప్పుడు పాత పుస్తకాల అంగట్లో ప్రోలాగ్ అనే భాష మీద అట్ట ఊడిన పుస్తకం దొరికింది. అందులో నియమాలు రాయాలి: ఇదీ ఇదీ నిజమైతే అది నిజం. గొర్రెల మంద వెంట పెరిగిన నరేంద్రకు అది పెద్దల మాటతీరులా తోచింది. దాంతో ఉద్యోగం వస్తుందని ఎవరూ చెప్పలేదు. వదలబుద్ధి కాక నేర్చుకున్నాడు.

సంఘంలో చేరాక నియమాల కోసం చేల వెంట తిరిగాడు. నోటుబుక్కు తీస్తే రైతులు నవ్వారు. తిరుపాలమ్మ మాత్రం దుక్కిలోకి మణికట్టు దాకా చెయ్యి దించి, మన్ను పిడికిట పట్టి చూపింది.

"ఎర్రనేలప్పా ఇది. నాలుగు దినాల ఎడంతో రెండు తుంపర్లు పడితే కలిపి ఒక వాన అనుకోవద్దు. మొదటిదాన్ని ఎండ తాగేసుంటాది."

అతను దాన్ని అలాగే రాసి, ఆ నియమానికి తిరుపాలమ్మ అని పేరు పెట్టాడు. ఆ సంగతి ఆమెకు తెలియదు.

కిందటేడు, బెంగళూరులో పనిచేసి వచ్చిన కొత్త మేనేజర్ వంశీ ఆ ప్రోలాగ్ ప్రోగ్రామ్ చూసి పగలబడి నవ్వాడు. "ఏమన్నా, మ్యూజియంలో పెట్టాల్సిందాన్ని ఇంకా నడుపుతా ఉండావే! దీన్నిప్పుడు ఎవరు వాడతారు?" చుట్టూ నలుగురున్నారు. నరేంద్ర సిగ్గుపడి దాన్ని మూసేశాడు. నెల తిరక్కుండానే, అందరూ వాడే భాషలో అందరూ వాడే రెడీమేడ్ వాన లెక్క ఒకటి తెచ్చి పెట్టాడు. అది వారం వానంతా కూడి, ఇరవై మిల్లీమీటర్లు దాటితే పదునైందంటుంది. పాత నియమాలన్నీ అందులోకి ఎక్కించాలనే అనుకున్నాడు. రంగురంగుల మ్యాపు చూసి వంశీ భుజం తట్టాక ఆ పని మరి ముట్టుకోలేదు.

ఈ జూలైలో మొదట తొమ్మిది మిల్లీమీటర్లు పడింది. ఐదు రోజులకు పదమూడు. రెండూ కలిపి కొత్త లెక్క పదునైందంది.

పొద్దున అతను పాత ప్రోగ్రామ్ తెరిచి అవే అంకెలు ఇచ్చాడు. 'కాదు' అంది. ఎందుకు కాదని అడిగితే కారణం దగ్గర ఒకే పేరు చూపింది.

బల్ల మీద వంశీ టైపు చేయించిన రిపోర్టు ఉంది. 'వర్షాభావం వల్ల మొలక రాలేదు.' కింద నరేంద్ర సంతకమే తరువాయి. రేపు సంఘం మీటింగులో చదవాల్సిందీ అతనే.

కాగితం అక్కడే వదిలి బయటికి వచ్చాడు. తిరుపాలమ్మ కుడి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది. విత్తనానికి కాయలు ఒలిచి ఒలిచి గోరు చీలింది.

"రాప్పా నరేంద్రా," అన్నాడు ఎర్రప్ప. "నువ్వన్నా చెప్పు ఈమెకు. తప్పు వానదా, నీదా?"

"ఆయప్పదేం తప్పుంటాది! నేననేది నిన్ను," అంది తిరుపాలమ్మ.

"నాదేనక్కా," అన్నాడు నరేంద్ర. "రెండు తుంపర్లు కలపొద్దని నువ్వు చెప్పిన మాట కంప్యూటర్లోంచి నేనే తీసేసినాను. రేపు మీటింగులో ఆ రిపోర్టు చదవను, ఇదే చెప్తా. పాతది మళ్లా పెట్టేదాకా ఈడ్నుంచి పదును మెసేజ్ పోదు."