తిరుగు ప్రయాణంలో ఐదో టికెట్టు

టీసీ పెన్ను ఎత్తి, ఎదురెదురు సీట్లలో కూర్చున్న ఆ కుటుంబాన్ని లెక్కపెట్టాడు. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. టికెట్టుకు మీ ఐదుగురూ సరిపోయినారు. ఈయన ఆరో మనిషి" అన్నాడు నన్ను చూపిస్తూ.

నాకు నలుగురే కనిపించారు.

దయ్యాల సంగతిలో నా వైఖరి ముందే చెప్పాలి. ముప్పై ఏళ్ళు దినపత్రికలో పనిచేశాను. ఫలానా పాడుబడ్డ బంగళాలో దయ్యం తిరుగుతోందని ఫోన్ వస్తే నన్నే పంపేవాళ్ళు. వెళ్ళిన ప్రతిసారీ గబ్బిలాలో, తాగుబోతులో, అన్నదమ్ముల ఆస్తి తగాదాయో బయటపడేది. నమ్మకం లేకపోవడం అటుంచితే, ఆ ఊసంటేనే నాకు విసుగు. ఇప్పుడు కూడా ఎవరినీ నమ్మించడానికి రాయడం లేదు. చూసింది చూసినట్టు రాస్తాను.

పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం గుంతకల్లులో అనంతపురం ప్యాసింజరుకు టికెట్టు తీసుకున్నాను. ఆ బండి ఆలస్యమైంది. ఈలోగా ఎక్స్‌ప్రెస్ ఒకటి వచ్చి ఆగింది. ఎండకు తాళలేక అందులో ఎక్కేశాను. నా చేతిలోని టికెట్టు ఆ బండికి చెల్లదని తెలియక కాదు. జనరల్ పెట్టెలోకి ఎవరొస్తారులే అనుకున్నాను.

పెట్టె సగం ఖాళీ. నేను కూర్చున్న చోట ముదిగుబ్బ వైపు పల్లెకు చెందిన గొర్రెల కాపరుల కుటుంబం ఉంది. తల్లి నారాయణమ్మకు అరవై దాటి ఉంటాయి. పెద్దకొడుకు ఓబులేసు, అతని భార్య, చిన్నకొడుకు రామాంజి. ధర్మవరంలో దిగాలి. కిటికీ పక్కన ఖాళీగా ఉంటే అటు కూర్చోబోయాను.

"ఆడ వద్దప్పా, ఎండ కొడతాది. ఇట్ల కూచో" అని నారాయణమ్మ జరిగి చోటిచ్చింది.

నేను పేపర్లో పనిచేసినవాడినని తెలిశాక మాటలు సాగాయి. ఆమె భర్త పోయి తొమ్మిది రోజులు. అస్థికలు తుంగభద్రలో కలిపి వస్తున్నారు. వాళ్ళ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. అస్థికలు తీసుకుపోయేటప్పుడు చనిపోయిన మనిషికి కూడా టికెట్టు తీస్తారు. ఇంటి పెద్దను టికెట్టు లేకుండా దొంగలా తీసుకుపోకూడదట. వచ్చేటప్పుడు మాత్రం తీయరు. తీస్తే వెనక్కి రమ్మని పిలిచినట్టే.

ఈసారి పొరపాటు జరిగింది. పోయేటప్పుడు ఐదు అని అడిగిన అలవాటులో, తిరుగు టికెట్టు కూడా రామాంజి ఐదుగురికి అడిగేశాడు. ఐదుగురికీ కలిపి ఒకే కాగితం. బండి కదిలాక గాని ఎవరూ చూసుకోలేదు.

నారాయణమ్మ ఆ మాట వదలడం లేదు. "నాయన్ను సాగనంపి రారా అంటే, వాపసు టికెట్టు కొనుక్కొస్తివి గదరా!"

"అలవాట్లో అనేసినామ్మా. చించేద్దామంటే మన నలుగురికీ అదే టికెట్టాయ."

"నిన్ను చించల్ల."

కోడలు నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. నారాయణమ్మ కూడా నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భర్త ఆరు నెలలు మంచం మీద ఉన్నాడు. చివరి రోజుల్లో ఆ నొప్పికి పెట్టిన కేకలు వీధంతా వినిపించేవట. "ఆ మనిషికి ఇంగ చాలప్పా. ఆడ్నే నిమ్మళంగా ఉండనీ" అంది నాతో. ఆమెకు కావలసింది అంతే.

పామిడి దాటాక టీసీ వచ్చాడు. నా టికెట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది ప్యాసింజరుది. మీ అట్లాంటి చదువుకున్నోళ్ళే ఇట్ల చేస్తే ఎట్ల సార్?"

పెట్టెలో తలలన్నీ ఇటు తిరిగాయి. ఇన్నేళ్ళూ ఎవరెవరి తప్పులో అచ్చు వేయించినవాడిని, తల దించుకుని నిలబడ్డాను.

అప్పుడు నారాయణమ్మ కొడుకు జేబులోంచి టికెట్టు లాగి టీసీ ముందుకు చాపింది. "ఈయప్ప మా మనిషే సార్. సూడు, ఐదుమందికి ఉండాది. ఆ ఐదోది ఈయప్పదే."

నా మీద జాలితోనే అంది. కానీ ఆ గొంతులో జాలి ఒక్కటే లేదు. ఆ ఐదో టికెట్టును బతికున్న మనిషి ఎవరికైనా అంటగట్టి వదిలించుకోవాలన్న ఆత్రం ఉంది. నేను కాదనలేదు. అది ఒప్పుకోవాలి.

అంతవరకూ వాళ్ళను లెక్కపెట్టే ఉద్దేశం టీసీకి లేదు. ఆమె ఆ మాట అనడంతో పెన్ను ఎత్తాడు. ఐదు అన్నప్పుడు పెన్ను మొన కిటికీ పక్క ఖాళీ చోటు మీద ఆగింది.

"మేము నలుగురమే సార్" అన్నాడు ఓబులేసు.

"ఏమప్పా, నాకే లెక్కలు నేర్పిస్తాండావా? టికెట్టుండాది, కూచోండారు. మీ జోలి నాకెందుకు?" అని నా జరిమానా రసీదు రాయడంలో పడిపోయాడు.

నారాయణమ్మ ఏడవలేదు, అరవలేదు. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "పేపరాయనవు గదా. నువ్వు లెక్కపెట్టప్పా."

లెక్కపెట్టాను. నలుగురు. మళ్ళీ లెక్కపెట్టాను. నలుగురే. పైకే చెప్పాను. ఆమె నమ్మలేదు. టికెట్లు చూసే ఉద్యోగి ఐదన్నాడు. టికెట్టు చెల్లక పట్టుబడినవాడు నాలుగంటున్నాడు. ఎవరి మాట నమ్ముతుంది?

టీసీ వెంట తలుపు దాకా వెళ్ళి, ఆ ఐదో మనిషి ఎలా ఉన్నాడని అడిగాను. ఆయన నవ్వాడు. "మొహాలు ఎవరు చూస్తారు సార్? తలకాయలు చూస్తాం, అంతే." నిజంగా ఐదేనా అని మళ్ళీ అడిగాను. "ఐదే. కావల్లంటే పోయి చూసుకోండి" అని పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

టికెట్టు మీద ఐదు చూసిన కన్ను ఐదే లెక్కపెట్టి ఉండవచ్చు. మూటో, తువ్వాలో తలలా కనిపించి ఉండవచ్చని రాద్దామంటే, ఆ చోట మూట లేదు, తువ్వాలు లేదు. ఎండ పడి సీటు మెరుస్తోంది.

నేను తిరిగి వచ్చేసరికి నలుగురూ లేచి నడవలో నిలబడి ఉన్నారు. అనంతపురం దాకా ఎవరూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. నేను సరైన టికెట్టుతో ఎక్కి ఉంటే వాళ్ళను ఎవరూ లెక్కపెట్టేవాళ్ళు కాదన్న ఒక్క ఆలోచన తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. దిగేముందు ఓబులేసు ఫోన్ నంబరు తీసుకున్నాను.

నెల తర్వాత ఫోన్ చేస్తే నారాయణమ్మ మాట్లాడింది. ఆ రోజు వాళ్ళు ఇంటికి పోలేదట. ధర్మవరంలో దిగి, స్టేషన్ గడప దాటకుండానే మళ్ళీ తుంగభద్రకు ఐదుగురికి టికెట్టు తీసి వెనక్కి వెళ్ళారు. ఏటి ఒడ్డున నిలబడి, "ఇంగ ఈడ్నే ఉండు" అని ఆయనకు చెప్పారు. వచ్చేటప్పుడు నారాయణమ్మే కౌంటరు దగ్గరికి వెళ్ళి నలుగురికి అడిగింది.

ఆయన అక్కడే ఆగినట్టేనా అని అడిగాను.

"ఏమని చెప్పల్లప్పా? టికెట్టు అడిగేటోళ్ళు ఎవురన్నా వస్తారేమో, మమ్మల్ని లెక్కపెడతారేమో అని దావ పొడుగునా సూస్తానే ఉంటిమి" అంది.

ధర్మవరం దాకా ఎవరూ రాలేదట.