పాత వంతెన మీద చప్పట్లు

ఒట్టు వేయమంటే, ఆ రాత్రి నా ఒళ్లో ఉన్న కూతురి మీదే వేస్తాను. నవ్వేవాళ్లుంటే ఇప్పుడే లేచి వెళ్లండి.

తెలంగాణ ఉద్యమం వేడి మీద ఉంది. బస్సులు బంద్. ఆ సాయంత్రం మా చిన్నపిల్ల స్వప్నకు జ్వరం... ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కళ్లు తేలేసింది. సిరిసిల్ల ఆస్పత్రికి తీసుకుపోవాలి. మా ఆయన మోపెడ్ తీశాడు.

"కొత్త బ్రిడ్జి కాడ రాస్తారోకో అయితుందట, లారీలు ఆగి తొవ్వంత నిండిందట. పాతదాని మీదికెళ్లి పోదాం," అన్నాడు.

మానేరు మీద ఆ రాతి వంతెన నిజాం కాలం నాటిది. కట్టేటప్పుడు రాళ్లు మోసిన కూలి ఆడవాళ్లను పొద్దుగూకే వేళ బతుకమ్మ ఆడుతుంటే వరద ఎత్తుకుపోయిందట. "ఒక్కదాని పీనుగ గూడ దొరకలే బిడ్డా," అనేది మా అత్త. చీకటి పడితే అటు ఎవరూ పోరు. మేము గతిలేక పోయాం.

వంతెన ఎక్కగానే వినిపించింది. తప్... తప్... బతుకమ్మ చప్పట్లు.

హమ్మయ్య అనుకున్నాను! ఆ రోజుల్లో దారి ఆపిన ఆడవాళ్లు రోడ్డు మీదే బతుకమ్మ ఆడేవాళ్లు. "జై తెలంగాణ" అంటే వాళ్లూ అనేవాళ్లు. రోగిని చూస్తే దారి ఇచ్చేవాళ్లు.

"జై తెలంగాణ!" అని అరిచాడు మా ఆయన.

చప్పట్లు ఆగిపోయాయి...

బండి లైటు వెలుగులో చూస్తే ఒక్క మనిషి లేదు. కింద నీళ్ల చప్పుడు... అంతే.

"అక్కా... బిడ్డకు పాణం బాగలేదు. జర తొవ్వ ఇయ్యుండ్రి," అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు.

తప్... తప్... మళ్లీ మొదలైంది. ఈసారి మా చుట్టూ. ఒకటి మాత్రం మరీ దగ్గర... నా ఒళ్లోనే.

తల వంచి చూశాను. స్వప్న కళ్లు మూసుకునే ఉంది. చేతులు మాత్రం... చప్పట్లు కొడుతున్నాయి.

"బండి ఆపకు! ఉరికియ్యి!" అని కేక పెట్టాను. పిల్ల చేతులు రెండూ పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. వంతెన దాటేదాకా గుంజుకుంటూనే ఉంది.

పిల్ల బతికింది. "ఫిట్స్ వస్తే చేతులు గట్లనే కొట్టుకుంటయమ్మా," అన్నాడు డాక్టరు. అయ్యుండొచ్చు. మరి మిగతా చప్పట్లు? తిరిగి వస్తూ కొత్త వంతెన మీది ఆడవాళ్లను అడిగాను.

"బస్సులు నడిచేది ఈడనాయె. గా పాతదాని కాడికి మేమెందుకు పోతమక్కా?" అన్నారు.

ఇప్పుడు స్వప్న పెళ్లీడు పిల్ల. ఏటా బతుకమ్మ ఆడుతుంది. అందరి చప్పట్లూ ఒక్కసారే పడతాయి... దానిది మాత్రం కాస్త ఆలస్యంగా పడుతుంది.

"ఏందే, గట్ల కొడ్తవు?" అంటే, "అందరితోని కలిపే కొడుతున్న గదనే అమ్మా," అంటుంది.

ఏ అందరితోనో... నేను ఇంతవరకు అడగలేదు.