మంగకు చెప్పని కబురు

ఇన్నేళ్లుగా ఈ మాట నా గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మావారికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నానేమో.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీ తప్పుతాయని లోకమంతా హడలిపోతున్న రోజులు. సింగపూర్‌లో మా ఆఫీసువాళ్లు సెలవులన్నీ రద్దు చేశారు. మావారు ప్రాజెక్టు పని మీద సిడ్నీలో ఉన్నారు. అక్కడి యీషున్ ప్రాంతంలో మా ఫ్లాట్‌లో నేను, మా అమ్మాయి, అమలాపురం వైపు నుంచి తెచ్చుకున్న పనిమనిషి మంగ. ఆమె పాస్‌పోర్టు నా బీరువాలో ఉండేది. ఎందుకని నన్ను నేనెప్పుడూ ప్రశ్నించుకోలేదు.

ఒక సాయంత్రం మంగ కూరలకు కిందికి వెళ్లినప్పుడు ఆమె తమ్ముడు ఊరి నుంచి ఫోన్ చేశాడు. తల్లికి బాగాలేదట, కూతురి కోసం కలవరిస్తోందట, ఒక్కసారి పంపమన్నాడు. చెప్తానన్నాను. చెప్పలేదు. ఆమె వెళితే పిల్లను ఎవరు చూస్తారు? నా ఉద్యోగం ఏమవుతుంది? పెద్దవాళ్లకు ఇలాంటివి వస్తుంటాయి, పోతుంటాయి, ఈ హడావుడి తగ్గాక నేనే టికెట్ కొనిస్తాను కదా అని సర్దిచెప్పుకున్నాను. అలా సర్దిచెప్పుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఆ వారమే, ఏ దేశంలో బానిసలను ఎలా చూశారో పోల్చి రాయమని మా అమ్మాయికి స్కూల్లో పని ఇచ్చారు. భోజనాల బల్ల దగ్గర కూర్చుని నేనే చెప్పాను. బ్రెజిల్‌లో కొందరు డబ్బు కూడబెట్టి తమను తాము విడిపించుకున్నారని, అమెరికాలో చాలాచోట్ల వాళ్లకు చదువు నేర్పడమే నేరమని.

"సో బ్రెజిల్ బెటర్ లా" అంది అమ్మాయి, మాట చివర 'లా' తగిలించే సింగపూర్ ఇంగ్లీషులో.

"ఎక్కడైనా బానిస బానిసేనే" అన్నాను, మహా ధర్మాత్మురాలిలా.

కంచాలు తీస్తున్న మంగ ఆగింది. "ఆళ్లకి ఇంటికాడి కబుర్లు తెలిసేవాండీ?"

"లేదు మంగా. ఎవరు చెప్తారు?"

"అయ్యో పాపం" అంటూ వంటగదిలోకి వెళ్లింది. ఆ మాట నా నోట ఎలా వచ్చింది? వచ్చాకైనా లేచి ఆమె వెనకాల ఎందుకు వెళ్లలేదు? అప్పటికి వాళ్లమ్మ బతికే ఉంది.

కొద్దిరోజులకే పోయింది. ఆ ఫోన్ మంగే తీసింది. ముందే ఫోన్ చేసి నాతో కబురు చెప్పానని తమ్ముడు అన్నట్టున్నాడు. హాల్లో నేను వింటుండగానే మంగ ఏడుస్తూ అతని మీద విరుచుకుపడింది. "మా అమ్మగారు అలాంటోరు కాదు. నువ్వే ఫోన్ చేసుండవు. పై ఇళ్లోళ్లని సూడు, మా అమ్మగార్ని సూడు." ఆ రోజు నుంచి తమ్ముడితో మాట మానేసింది. నేను నోరు విప్పలేదు. మిగతా ఇళ్ల యజమానులతో పోల్చి ఆమె నన్ను ఎక్కడో కూర్చోబెడితే, అక్కడే కూర్చున్నాను.

తర్వాత కొన్నాళ్లకు ఆమె ఊరికి వెళ్లిపోయింది. వాళ్లిద్దరికీ మాటలు కలిశాయో లేదో తెలియదు. కనుక్కునే ధైర్యం లేదు. ఇది రాస్తుంటే గుండె కాస్త తేలికపడుతోంది, అందుకూ సిగ్గుగానే ఉంది. క్షమించమని అడగను. మంగా, నీ తమ్ముడు అబద్ధమాడలేదు. ఫోన్ చేశాడు. నేనే చెప్పలేదు.