మస్కట్ క్యాసెట్టులో మామ్మ వైపు

ఆ రోజుల్లో మా అమలాపురంలో గల్ఫు వెళ్ళినవాళ్ళకి ఉత్తరాలు రాసే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. ఫోన్లో అయితే హలో అనేలోపే బిల్లు పెళ్ళి ఖర్చంత అయ్యేది. అందుకని చెప్పాల్సినవన్నీ క్యాసెట్టులోకి మాట్లాడేసి, సెలవుకొచ్చి తిరిగి వెళ్ళేవాళ్ళ పెట్టెలో ఆవకాయ పక్కన పెట్టి పంపేవారు. మా వీధిలో రికార్డు మీట ఉన్న టేపురికార్డరు మాదొక్కటే, అది నొక్కడం వచ్చింది నాకొక్కడికే. డిగ్రీలో పేపర్లు మిగిలిపోయినా అందరూ నన్ను ఇంజనీరు గారనే పిలిచేవారు (అది ఎగతాళి అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది).

ఆ ఏడు మస్కట్‌లో ఉన్న మా బాబాయిని, ఇంకో రెండేళ్ళు ఉంటానని కంపెనీవాళ్ళు సంతకం పెట్టమన్నారు. పెట్టాలని మామ్మ, పెట్టకూడదని పిన్ని. పెళ్ళి పందిరి విప్పకముందే విమానమెక్కిన మొగుడు మరి. మామ్మ టేపురికార్డరు ముందు బాసింపట్టు వేసుకుని, "నాయనా, గేదె ఈనిందిరా. దూడ అచ్చం మీ నాన్న పోలిక" అని మొదలెట్టి, ఇంటి మీద శ్లాబు పడకుండా వచ్చావంటే వీధిలో తలెత్తుకోలేనంటూ ఒక వైపంతా తనే మాట్లాడింది. రెండో వైపు వీధి జనం వరసగా కూర్చుని "బాగున్నావా?" అని అడిగి, జవాబు కోసం కాసేపు ఆగారు. చివరికి పిన్ని వంతొచ్చింది. అందరూ గుడ్లప్పగించి చూస్తుంటే, "ఆయ్, అందరం బాగున్నామండి" అంది. టేపు టక్కున ఆగిపోయింది.

మర్నాడు మామ్మ కునుకు తీస్తుండగా పిన్ని నా దగ్గరికొచ్చింది.

"మాట్లాడిన దాని మీద మళ్ళీ మాట్లాడితే ఏమవుద్దిరా?"

"పాతది పోయి కొత్తది పడుద్ది పిన్నీ."

"ఎవరిది పోయినా పర్లేదా?"

"దానికి పెద్దా చిన్నా తెలీదు. మొదట్లో గేదె సంగతి మాత్రం ఉండనీ, మామ్మ గుర్తుగా."

పిన్ని తలుపేసుకుంది. నేను అరుగు మీద కాపలా కూర్చుని, లోపల ఆవిడ వెళ్ళబోసుకుంటున్న బాధంతా ఊహించుకుని, కళ్ళు తుడుచుకున్నాను.

తర్వాతి నెలలో బాబాయి పెట్టెలతో దిగాడు. మళ్ళీ వెళ్ళనన్నాడు.

"అంత వివరంగా చెప్పేను కదరా, విన్లేదా?" అంది మామ్మ.

"విన్నానమ్మా. దూడ నాన్న పోలికన్నావు కదా, చూద్దామని వచ్చేసేను."

మామ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు (మూడో రోజు ఆ మాటల బాకీ కూడా తీర్చేసుకుంది).

మొన్నీమధ్య అడిగాను: "అరగంటసేపు ఏం చెప్పేవు పిన్నీ?"

"ఏం చెప్పలేదురా. సిగ్గేసి ఊరికే కూచున్నాను. ఆయన విన్నది మన ఫ్యాను చప్పుడే. ఆఖర్న వచ్చేయండి అన్నాను. అప్పటికి టేపు ఆగిపోయిందో ఏమో, తెలీదు."

అరుగు మీద కూర్చుని ఫ్యాను చప్పుడుకి ఏడ్చిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. కానీ అక్కడ మస్కట్‌లో, అదే చప్పుడు చివరిదాకా విని పెట్టె సర్దుకున్నవాడు కూడా ఒకడున్నాడు కదా అనుకుని, ఆ కుర్రాణ్ణి ఏమీ అనకుండా వదిలేస్తుంటాను.