గుమ్మం ముందరి చెప్పులు

నిన్న వాన వెలిశాక మెట్ల దగ్గర తడిసిన రబ్బరు చెప్పుల వాసన గుప్పుమంది. మా మేడ మీద కిరాయికి ఉంటూ కెమిస్ట్రీలో పరిశోధన చేస్తున్న శ్రావణి రెండు జతలు ఆరబెట్టుకుంటోంది. ఒంటరి మనిషికి రెండో జత ఎందుకని అడిగాను.

"ల్యాబు కాడ ఇడిచిపెట్టనీకి తాతా. చెప్పులు కనబడితె నేను లోపలున్ననని మా సారు అనుకుంటడు. గంతల నేను జర బయట తిరిగొస్త" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. ఇన్నేళ్లయినా ఆ దిక్కుమాలిన ఆచారం చావలేదన్నమాట! అప్పటికప్పుడు ఆ పిల్లను కూర్చోబెట్టి వరలక్ష్మి మేడం సంగతి చెప్పాను. మేడంను ఎరగని మీకూ చెప్పాలి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను చౌటుప్పల్‌లో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ను. రిటైర్మెంటు దగ్గరపడిన వయసులో, హైవే పక్కనున్న ఒక పరిశోధన కేంద్రంలో పార్ట్‌టైం పీహెచ్‌డీకి చేరాను. మేడం నా గైడు. నాకంటే చిన్నవారు, పాలమూరు మనిషి. ఏ గంటకు ఏం చేశానో డైరీలో రాసుకోవడం నాకు చిన్ననాటి నుంచీ అలవాటు. మేడం ఒకరోజు దాన్ని తిరగేసి, "అంతా మంచిగున్నది లెక్చరర్ సాబ్. గీండ్ల ఆట ఏడున్నది?" అన్నారు.

"ఈ వయసులో ఆటేమిటి మేడం?"

"పచ్చికుండ ఆరకముందే కుమ్మరి ఆవంల పెట్టి కాలిస్తె ఏమైతది? పగుల్తది. బుర్ర సుత గంతే. ఆరనియ్యాలె."

సాయంత్రం అయిదున్నరకు మా ల్యాబుకు తాళం పడేది. వరండాలో సుద్దతో గీసిన పచ్చీసు పటం చుట్టూ చేరి గవ్వలు వేసేవాళ్లం. మేడం తొండి చేసేవారు. పట్టుకుంటే "గైడు మాటకు ఎదురు చెప్తవా? సంతకం పెట్టను పో!" అని దబాయించేవారు. వారాల తరబడి తేలని లెక్క ఆ నవ్వుల మరునాడు పొద్దున్నే తేలిన సందర్భాలు నా డైరీల్లో ఎన్నో ఉన్నాయి.

పక్క ల్యాబు డైరెక్టరుగారిది. యంత్రాల మీద దుమ్ము పడకుండా అందరం చెప్పులు బయటే విడిచేవాళ్లం. ఆయన రోజూ సాయంత్రం వరండాలో నడుస్తూ ఆ చెప్పులు లెక్కపెట్టేవారు. ఎన్ని జతలుంటే అంత పరిశోధన జరుగుతున్నట్టు! పిల్లలు దానికి విరుగుడు కనిపెట్టారు. పాత జత గుమ్మం ముందు వదిలేసి, వెనక తలుపు నుంచి ఇంకో జత వేసుకుని జారుకునేవారు. ఆ ల్యాబులో మమత అని మగ్గం నేసేవాళ్ల బిడ్డ ఉండేది. "మా చెప్పులు చదువుతయి సార్, మేం ఆడుకుంటం" అనేది నాతో.

సద్దుల బతుకమ్మ నాడు కూడా డైరెక్టరుగారు సెలవివ్వలేదు. సాయంత్రం ఆడవాళ్లంతా కేంద్రం ముందరి ఖాళీ జాగాలో బతుకమ్మలు పెట్టారు. మమత మాత్రం కనబడలేదు. మేడం అడిగితే ఆమె స్నేహితురాలు, "చెప్పులు ల్యాబు కాడ్నే ఉన్నయి మేడం. అంటె ఊరికి పోయినట్టే" అని నవ్వింది. అవే చెప్పులు చూసిన డైరెక్టరుగారు "పండుగనాడు కూడా పని! అంకితభావమంటే ఇదీ" అని మెచ్చుకుని కారెక్కి వెళ్లిపోయారు.

మేడం నవ్వలేదు. "పోయే పిల్లయితె నాకు చెప్పి పోతది" అంటూ పసుపు చేతులతోనే ల్యాబు వైపు నడిచారు. నేనూ వెంట వెళ్లాను. "మమతా!" అని పిలిస్తే జవాబు లేదు. తలుపు తోస్తే ఈథర్ ఘాటు ముఖాన కొట్టింది. బల్ల పక్కన మమత స్పృహ లేకుండా పడి ఉంది. పొద్దుటి నుంచి తిండి లేదు. గాలిని బయటికి లాగే ఫ్యాను చెడిపోయి చాలాకాలమైంది. బాగుచేయించమని ఎన్నిసార్లు మొత్తుకున్నా పట్టించుకున్నవాడు లేడు. దవాఖానకు సమయానికి చేర్చాం కాబట్టి బతికింది.

తరువాత విచారణ జరిగింది. ఎవరి మీద? ఆ పిల్ల మీద! ఒంటరిగా పనిచేసి నిబంధన ఉల్లంఘించింది కనుక సీటు రద్దు చేయాలన్నారు డైరెక్టరుగారు. సాక్షిగా నేను ఫ్యాను సంగతి ఎత్తితే, "మీరు పచ్చీసు బ్యాచి కదూ?" అన్నారు. కమిటీ వాళ్లు నవ్వారు.

అప్పుడు మేడం లేచి, కాళ్ల దగ్గర పెట్టుకున్న గోనెసంచి ఎత్తి నున్నటి బల్ల మీద గుమ్మరించారు. అన్నీ ఆ ల్యాబు గుమ్మం ముందరి పాత చెప్పులు.

"గీళ్లే సార్ మీ సైంటిస్టులు! రోజూ మీరు లెక్కపెట్టింది గీళ్లనే. ఆ పిల్ల పడ్డనాడు చప్పుడైందా అని వీళ్లనే అడుగుండ్రి. లోపల మనిషున్నదా అని పేరు పెట్టి ఒక్కసారన్న పిలిచిండ్రా మీరు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. మమత సీటు నిలిచింది. మేడం దగ్గరికే మారి పీహెచ్‌డీ పూర్తి చేసింది. మేడంను మాత్రం, సభామర్యాద పాటించలేదని, ఆ పిల్ల పట్టా చేతికి రాగానే పాలమూరు వైపు ఎక్కడో ల్యాబు కూడా లేని శాఖకు పంపారు. డైరెక్టరుగారికి శాలువా కప్పారు. వరండాలోని పచ్చీసు పటాన్ని మరునాడే కడిగించారు. ఫ్యానును మాత్రం నేను ఆ కేంద్రం నుంచి బయటపడేదాకా బాగుచేయించలేదు.

మేడం ఇప్పుడు లేరు. నేను అయిదున్నరకు డైరీ మూసి గవ్వలు తీస్తాను. నిన్న శ్రావణి కూడా ఆడింది, తొండి కూడా చేసింది. కానీ ఇకమీద మెట్ల కింద ఆమె చెప్పులు కనబడితే వాటిని నమ్మను. కింద నిలబడి పేరు పెట్టి పిలుస్తాను. "ఉన్న తాతా!" అని వినబడేదాకా అక్కడి నుంచి కదలను.